యాభై స్పీడులోనే కొట్టుకునే కారు: రెండుసార్లు షెడ్డుకు వచ్చిన ఒక థ్రాటిల్ సెన్సార్ కేసు

ఏప్రిల్ చివరి వారం, మధ్యాహ్నం రెండున్నర. నల్లగొండలో ఆ వేళ రేకుల షెడ్డు కింద పానా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఫిజికల్ సైన్స్ చెప్పే సారొకరు తన కారు తెచ్చి ముందు ఆపారు. చిన్న పెట్రోల్ కారు, 2011 మోడల్, కేబుల్‌తో నడిచే థ్రాటిల్, మీటర్ మీద లక్షా ఇరవై ఆరు వేల కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ కాలం నాటి ఏ బండిలోనైనా వచ్చే తప్పే ఇది.

"తమ్మీ, యాభై స్పీడు మీద పోతుంటే ఎవరో ఎనుక నుంచి బంపర్ పట్టి గుంజి వదిలినట్టు అయితున్నది. అరవై దాటితే ఏం లేదు. నలభై లోపల ఏం లేదు. యాభై కాడనే."

అప్పటికే మూడు చోట్ల చూపించారు. ఒకచోట ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. ఇంకొకచోట పెట్రోల్ పంపు, ఫిల్టర్ మార్చారు. మూడోచోట థ్రాటిల్ బాడీ విప్పి కడిగారు. పదకొండు వేలు దాటింది ఖర్చు, కొట్టుకోవడం మాత్రం మొదటి రోజు ఎట్లుందో అట్లే ఉంది. చెక్ లైట్ ఒక్కసారి కూడా వెలగలేదు. బండి కంప్యూటర్ తప్పు పట్టినప్పుడు రాసుకునే నంబరును కోడ్ అంటాం. స్కానర్ పెట్టిన ప్రతిచోటా "కోడ్ ఏం లేదు సార్" అన్నారట. కోడ్ లేకపోయేసరికి ఎవరికి తోచింది వాళ్ళు మార్చుకుంటూ పోయారు.

నేను బానెట్ ఎత్తే ముందు కుర్చీ వేసి మాట్లాడతాను. పది నిమిషాల మాట ఒక్కోసారి పూట పని తప్పిస్తుంది. ఆ రోజు అడిగిన వాటిలో పనికొచ్చింది ఒక్కటే ప్రశ్న, దగ్గర్లోని చెరువుగట్టు గుట్ట మీది గుడి గురించి.

"ఈ మధ్య చెరువుగట్టు పోయిన్రా సార్?"

"మొన్న అమావాస్యకు పోయినం. ఇంటిల్లిపాది ఐదుగురం. గుట్ట మీదికి మంచిగనే ఎక్కింది."

ఐదుగురితో గుట్ట ఎక్కే బండికి పెట్రోల్ తక్కువ పడటం లేదు. పంపు వీకైతే ముందు ఏడ్చేది అక్కడే, లోడు మీద. కాయిల్ పోయినా, ప్లగ్గు పోయినా గుట్ట మీదే మిస్సింగ్ ఎక్కువ కొడుతుంది. ఈ బండి లోడు మీద బాగుండి, చదును రోడ్డు మీద, కాలు తేలిగ్గా ఆనించి ఉంచినప్పుడు కొట్టుకుంటోంది. అంటే తప్పు ఇంజన్ బలంలో లేదు. కాలు ఎక్కడుందో ఇంజన్‌కు చెప్పే దారిలో ఉంది.

ఆ దారి సంగతి కొంచెం చెప్పాలి. థ్రాటిల్ బాడీలో గాలిని ఆపి వదిలే పళ్ళెం ఒకటి ఉంటుంది. దాని ఇరుసు కొనకు రెండు స్క్రూలతో బిగించిన నల్లటి ప్లాస్టిక్ ముక్కే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్, మన మాటలో టీపీఎస్. లోపల అర్ధచంద్రాకారంలో కార్బన్ పూసిన ట్రాక్, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి లోహపు వేళ్ళు. పాత రేడియో వాల్యూమ్ నాబ్ ఎట్లా పనిచేస్తుందో ఇదీ అట్లే. మూడు తీగలు వస్తాయి. ఒకటి ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పంపే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. కాలు తీస్తే సిగ్నల్ అర వోల్టు దగ్గర ఉంటుంది, పూర్తిగా తొక్కితే 4 వోల్టులు దాటుతుంది. బండిని బట్టి అటూ ఇటూ.

ఎన్నో ఏళ్ళు ఒకే వాల్యూమ్ మీద వార్తలు విన్న ఇంట్లో రేడియో నాబ్ తిప్పి చూడండి. సరిగ్గా ఆ చోటే గరగరలాడుతుంది, మిగతా అంతా శుభ్రం. సార్ రోజూ పోయేది నల్లగొండ నుంచి తిప్పర్తి దిక్కు బడికి. మిర్యాలగూడ రోడ్డు వెడల్పు అయినాక కూడా ఆయన యాభై దాటరు, రానూపోనూ నలభై కిలోమీటర్ల దాకా అదే స్పీడు. పదేళ్ళకు పైగా ఆ లోహపు వేళ్ళు ట్రాక్ మీద ఒకే చోట వణుకుతూ ఉన్నాయి. అనుమానం అక్కడ నిలిచింది, కానీ అనుమానంతో పార్టు మార్చే అలవాటు నాకు లేదు. అప్పటికే పదకొండు వేలు అట్లాగే పోయినయి.

స్కానర్ తగిలించి సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మిర్యాలగూడ రోడ్డు మీదికి తీశాను. యాభై దగ్గర కాలు నిలిపితే రెండు నిమిషాలకోసారి కొడుతోంది. స్క్రీన్ మీద థ్రాటిల్ 12 శాతం, 12, 12, 13, 12. ఎక్కడా తప్పు లేనట్టే ఉంది. మనవాళ్ళు చాలామంది ఇక్కడే మోసపోతారు. ఈ చిన్న స్కానర్లు సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తాయి. సెన్సార్‌లో తప్పు కన్నుమూసి తెరిచేలోపు వచ్చి పోతుంది. ఈసీయూ మాత్రం దాన్ని చూస్తుంది. సిగ్నల్ ఒక్కసారిగా కిందికి పడితే "కాలు తీసేశాడు" అనుకుంటుంది. నడుస్తున్న బండిలో, ఇంజన్ ఇంకా స్పీడు మీద ఉండగా కాలు తీస్తే పెట్రోల్ ఆపేయడం దాని పద్ధతి. ఆపేస్తుంది. వెంటనే సిగ్నల్ మళ్ళీ వస్తుంది, "కాలు పెట్టాడు" అనుకుని ఒక గుక్క ఎక్కువే పోస్తుంది. గుంజి వదిలినట్టు అంటే అదే. సార్ చెప్పిన మాట ఎంత సరిగ్గా ఉందో చూడండి. కోడ్ ఎందుకు రాలేదంటే, తప్పు కొంతసేపు ఆగకుండా కనబడితేనే ఈసీయూ కోడ్ రాసుకుంటుంది. ఇంత చిన్న తప్పును అది లెక్కలోకి తీసుకోదు.

రోడ్డు పక్క బండి ఆపి సెన్సార్ కప్లర్, అంటే తీగలు వచ్చి తగిలే ప్లాస్టిక్ కనెక్టర్, పీకేశాను. చెక్ లైట్ వెలిగింది, పీ0122 పడింది. సిగ్నల్ తక్కువగా ఉందని దాని అర్థం, తీగ లేకపోతే ఈ బండిలో అదే వస్తుంది. కొన్ని బండ్లలో ఎక్కువ అని పీ0123 పడుతుంది, ఈసీయూ లోపలి అమరికను బట్టి. కప్లర్ లేకుండా ఈసీయూ తన దగ్గరున్న ఒక ఊహ అంకెతో, ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ చెప్పినదాంతో బండి నడుపుతుంది. పికప్ మందంగా ఉంటుంది, కానీ నడుస్తుంది. అట్లా యాభై మీద ఆరు కిలోమీటర్లు పోయాం. ఒక్కసారి కూడా కొట్టలేదు.

సార్ నా దిక్కు చూశారు. "తీసేస్తే బాగయిందేంది?"

"తప్పుడు సాక్ష్యం చెప్పేటోణ్ణి బయటికి పంపినం సార్."

ఈ పరీక్ష కేబుల్ థ్రాటిల్ బండికే. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండిలో నడుస్తుండగా ఇట్లాంటిది చేయొద్దు. అక్కడ కప్లర్ పీకితే బండి పవర్ తగ్గించుకుని కుంటుతుంది, వెనక లారీ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

షెడ్డుకొచ్చాక స్కోప్ తీశాను, వోల్టేజీని గీతగా చూపేది, అరచేతిలో పట్టే చిన్నది. అది లేని రోజుల్లో మా ఉస్తాద్ ముల్లు మీటర్ వాడేవాడు. డిజిటల్ మీటర్ అంకె మార్చేలోపు తప్పు వెళ్ళిపోతుంది, ముల్లు మాత్రం ఎగిరి చూపిస్తుంది. ఇప్పటికీ స్కోప్ లేనివాళ్ళకు నేను ముల్లు మీటరే చెప్తాను. కప్లర్ పెట్టే ఉంచి, వెనక రబ్బరు సీలు పక్క నుంచి సన్నటి పిన్ను దింపి సిగ్నల్ తీగను పట్టుకున్నాను. తీగ తోలు గుచ్చకూడదు. గుచ్చిన చోట నుంచి నీళ్ళు దిగి, ఏడాది తర్వాత కొత్త తప్పు పుడుతుంది.

ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. పెడల్ మామూలుగా తొక్కి వదిలితే గీత నున్నగా ఎక్కి దిగింది. మా పిల్లగాడు "బాగనే ఉందన్నా" అన్నాడు. ఈ పని తొందరగా చేస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. థ్రాటిల్‌ను చేత్తో పట్టుకుని, వెంట్రుకంత వెంట్రుకంత జరుపుతూ, అడుగు నుంచి సగం దాకా పోవడానికి పదిహేను సెకన్లు పట్టేట్టు తిప్పాను. 0.98 వోల్టు దగ్గర గీత వణికింది. 1.04 దగ్గర నిలిపి, స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ మీద మెల్లగా తట్టాను. గీత సున్నా దాకా నిట్టనిలువుగా పడి లేచింది. ఇరవై మిల్లీసెకన్ల లోపు. మళ్ళీ తట్టాను, మళ్ళీ పడింది. 1.2 దాటించి ఎంత తట్టినా ఉలకలేదు.

ఇక సందేహం లేదు. సెన్సార్ విప్పి, అంచు కోసి తెరిచాను. ట్రాక్ మీద నల్లటి మెరుపు అంతటా ఒకే తీరుగా ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ బియ్యపు గింజ అడ్డం అంత మేర రెండు సన్నటి గీతలు పడి, కార్బన్ పోయి, అడుగున ఉన్న లేత రంగు బయటపడింది. పక్కన పొడి పేరుకుంది. వేలితో తుడిస్తే కాటుక అంటినట్టు అంటింది. సార్ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం చెప్పేటప్పుడు రియోస్టాట్ చూపిస్తం. ఇది ఇంకా మంచిగ అర్థమైతది" అని రుమాలులో చుట్టుకుని జేబులో పెట్టుకున్నారు.

కొత్త సెన్సార్ ఒరిజినలే తెప్పించమన్నాను. సగం ధరకు దొరికేవి ఉన్నాయి, ఒకట్రెండు బిగించి చూశాను కూడా. పైకి ఒకే తీరు ఉంటాయి, కానీ కాలు తీసినప్పుడు వచ్చే అడుగు వోల్టేజీ ఒక్కోదానిది ఒక్కోతీరు. ఈ బండిలో సెన్సార్ రంధ్రాలు గుండ్రంగా ఉంటాయి, అటూ ఇటూ జరిపి సరిచేసుకునే వీలుండదు. నకిలీది అడుగున 0.9 ఇస్తే ఇక అంతే, చేసేదేం లేదు.

బిగించే ముందు ఇంకోటి కనిపించింది. థ్రాటిల్ పళ్ళెం పూర్తిగా మూసుకోకుండా ఆపే చిన్న స్క్రూ ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని బిగించి, నట్టుకూ స్క్రూకూ కలిపి తెల్లటి రంగు చుక్క పెడతారు. ఈ బండిలో ఆ చుక్క రెండుగా చీలి, సగం నట్టు మీద, సగం స్క్రూ మీద, మధ్యలో ముప్పావు చుట్టు తేడా ఉంది. ఎవరో ఎప్పుడో ఐడ్లింగ్ పెంచడానికి తిప్పారు. ఈ పని చేయొద్దని ఎంత చెప్పినా వినరు. కార్బురేటర్ రోజుల అలవాటు అది, అప్పుడు ఐడ్లింగ్ స్క్రూ అందుకే ఉండేది. ఇంజక్షన్ బండిలో ఐడ్లింగ్ చూసుకునేది ఈసీయూ. ఈ స్క్రూ పళ్ళెం గొట్టానికి అతుక్కుపోకుండా చూడటానికే. ఇది తిప్పితే టీపీఎస్ అడుగు వోల్టేజీ మారిపోయి, కాలు తీసినా తీయనట్టే కనబడుతుంది. రెండు సగం చుక్కలు ఒకదానికొకటి కలిసేదాకా వెనక్కి తిప్పి బిగించాను.

తీగలు చూశాను. 5 వోల్టుల తీగను బ్యాటరీ నెగటివ్‌తో పోల్చి చూస్తే 4.99. సిగ్నల్ తీగ ఈసీయూ దాకా బాగుంది. ఎర్త్ తీగకు కప్లర్ పీకి చేతిలో పట్టుకుని మీటర్‌తో బీప్ పెట్టాను, తీగ తెగకుండా ఉంటే అది మోగుతుంది. మోగింది. కొత్త సెన్సార్ బిగించి మూసిన థ్రాటిల్ దగ్గర చూస్తే 0.71 వోల్టు, పూర్తిగా తెరిస్తే 4.2. కొంచెం ఎక్కువే అనిపించింది, కానీ హద్దులోనే ఉంది కదా అని వదిలేశాను. రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పాను, యాభై మీద ఒక్కసారీ కొట్టలేదు. సార్ సంతోషంగా తీసుకుపోయారు.

ఆ పేరాలో మూడు తప్పులు చేశాను. ఆరో రోజు తెలిసింది.

బండి మళ్ళీ వచ్చింది. ఈసారి కొట్టుకోవడం కాదు. "బ్రేకు తొక్కినా ముందుకు తోస్తున్నది తమ్మీ. స్పీడ్ బ్రేకర్ కాడ కాలు తీస్తే దిగాల్సిన ఆర్‌పీఎం దిగుతలేదు. పొద్దుగాల బాగనే ఉంటది, బడి విడిచినంక వచ్చేటప్పుడే." గడియారం సెంటర్‌లో జనం మధ్య బండి ఇట్లా తోసిందట. అది విన్నాక నాకు గుండె జారింది. కొట్టుకునే బండి చికాకు పెడుతుంది, అంతే. తోసే బండి మనిషిని గుద్దుతుంది. పొద్దున పని ఏదున్నా పక్కన పెట్టి దాని మీదే కూర్చున్నాను.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే అడుగు వోల్టేజీ 0.72. బండిని ఎండలో పెట్టి, బానెట్ మూసి, ఇంజన్ నలభై నిమిషాలు నడిపించి మళ్ళీ చూశాను. 0.90. థ్రాటిల్ పళ్ళెం కదల్లేదు, కేబుల్‌లో సడలింపు ఉంది, స్క్రూ చుక్క కలిసే ఉంది. కదలని పళ్ళేనికి వోల్టేజీ పెరిగింది. ఈసీయూ తాను చూసిన తక్కువ అంకెను "కాలు తీసిన చోటు" అని గుర్తు పెట్టుకుంటుంది. పొద్దున 0.72 చూసి అదే అడుగు అనుకుంది. మధ్యాహ్నం 0.90 వస్తే, ఎవరో ఐదు శాతం తొక్కి పట్టుకున్నారని దాని లెక్క. అందుకే ఐడ్లింగ్ పట్టుకోవడం మానేసింది, కాలు తీసినప్పుడు పెట్రోల్ ఆపడం కూడా మానేసింది.

కొత్త సెన్సార్ చెడిందా? అదే మొదటి ఆలోచన, ఎవరికైనా. ఇంకోటి తెప్పించబోయి ఆగాను. కప్లర్ పెట్టే ఉంచి, ఈసారి మీటర్ ఎర్ర పిన్నును 5 వోల్టుల తీగ మీద, నల్ల పిన్నును బ్యాటరీ మీద కాకుండా సెన్సార్ సొంత ఎర్త్ పిన్ను మీద పెట్టాను. 4.56. బ్యాటరీ నెగటివ్ మీద పెడితే 4.99. మధ్యలో 0.43 వోల్టు ఎక్కడో తప్పిపోయింది. నల్ల పిన్ను బ్యాటరీ మీద, ఎర్ర పిన్ను సెన్సార్ ఎర్త్ పిన్ను మీద పెట్టి చూస్తే అదే 0.43 అక్కడ కూర్చుని ఉంది. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోటు అది. వోల్టులో వందో వంతో, రెండు వందో వంతులో ఉంటే సరే, దాదాపు అర వోల్టు ఉంది.

సెన్సార్ తప్పేం లేదు పాపం. దాని కాళ్ళ కింద నేల పైకి లేచింది. ఎర్త్ 0.43 ఎత్తుకు లేస్తే సిగ్నల్ కూడా దానితో పాటు లేస్తుంది. ఇటువంటి సెన్సార్ ట్రాక్ నిరోధం సుమారు 5 కిలో ఓమ్‌లు, అంటే దానిలో పారేది ఒక్క మిల్లీ ఆంపియర్‌కు లోపే. అంత సన్నటి ధారకు 0.43 వోల్టు పడాలంటే దారిలో దాదాపు 470 ఓమ్‌లు అడ్డం ఉండాలి. హెడ్‌లైట్ ఎర్త్‌లో ఇంత అడ్డం ఉంటే లైటు వెలగదు, ఎవరైనా పట్టేస్తారు. సెన్సార్ ఎర్త్‌లో బండి నడుస్తూనే ఉంటుంది, అబద్ధం చెబుతూ.

ఆ అడ్డం ఎక్కడుందో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. కప్లర్ నుంచి ఎర్త్ పిన్ను వెనక్కి లాగి బయటికి తీశాను. పిన్ను మెరుస్తూనే ఉంది. తీగను పిన్నుకు నొక్కి బిగించిన మెడ దగ్గర మాత్రం పచ్చటి పొక్కు, పైన తెల్లటి ఉప్పు. వేలితో వంచితే తోలు లోపల రాగి పోగులు పుటుక్కున తెగిన శబ్దం వినిపించింది. తోలు చీలిస్తే ఒక్క పోగు కూడా నిలువునా లేదు, అన్నీ తెగి, పచ్చటి పొడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నేను మొన్న కప్లర్ పీకి చేతిలో పట్టుకున్నప్పుడు తీగ తిన్నగా సాగి పోగులు కలిశాయి, బీప్ మోగింది. దాని చోట పెట్టాక తీగ వంగుతుంది, వేడికి ఇంకా జరుగుతుంది, పోగులు విడిపోతాయి.

నీళ్ళు ఎట్లా వచ్చాయో సార్‌ను అడిగాను. "ప్రతి ఆదివారం మా బోరు దగ్గర నేనే కడుగుతా. బానెట్ ఎత్తి ఇంజన్ మీద కూడా పైపు పెడతా, దుమ్ము చూడలేను." మా జిల్లాలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళు గిన్నెలో కాచి ఆరబెడితే అడుగున తెల్లటి పొర కడతాయి, అది మనకు కొత్త సంగతి కాదు. ఆ నీళ్ళు కప్లర్ సీలు దాటి తీగ మెడలోకి దిగి, ఇంజన్ వేడికి ఆరి, ఉప్పు అక్కడే మిగిలి, మళ్ళీ ఆదివారం మళ్ళీ తడిసి. ఏళ్ళ తరబడి. ఆ రబ్బరు సీలు ఎండకు గట్టిపడి చిట్లింది కూడా.

పచ్చగా ఉన్న మేర కోసేద్దామని చూస్తే నాలుగు సెంటీమీటర్ల లోపలిదాకా రాగి నల్లబడింది. మెరిసే రాగి తగిలేదాకా వెనక్కి పోయి, మూడు తీగలకూ కొత్త ముక్కలు అతికి, కొత్త కప్లర్ వేశాను. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టేవి కావు. నొక్కి బిగించి, టంకం పోసి, లోపల జిగురున్న స్లీవ్ వేడి చేసి ముడిచాను. మూడు అతుకులూ ఒకే చోట పడకుండా మెట్లుగా వేశాను, అప్పుడు కట్ట లావెక్కదు. కప్లర్ మూతిలో సిలికాన్ గ్రీజు రాశాను. సార్‌కు ఒక మాట కూడా చెప్పాను: ఇంజన్ మీద పైపు పెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి, అంతకన్నా ఎక్కువ దానికి అక్కర్లేదు.

ఆ తర్వాత అదే ఎండలో, అదే వేడి మీద చూస్తే ఎర్త్ పిన్ను 0.01. రెండు పిన్నుల మధ్య 4.98. మూసిన థ్రాటిల్ 0.52. మొదటి రోజు వచ్చిన 0.71లో దాదాపు 0.2 వోల్టు ఎర్త్‌దే, నేను దాన్ని "హద్దులోనే ఉంది" అని సాగనంపాను. ఆ రోజే రెండు పిన్నుల మధ్య కొలిచి ఉంటే 4.8 దగ్గర కనబడి ఉండేది. బ్యాటరీ మీద నల్ల పిన్ను పెట్టడం చేతికి అలవాటు, దగ్గరగా ఉంటుంది, తొందరగా అవుతుంది. కానీ సెన్సార్‌కు బ్యాటరీ నెగటివ్‌తో పని లేదు, దానికి అందేది దాని సొంత పిన్నులో ఉన్న ఎర్తే. కప్లర్ పీకి బీప్ పెట్టడం రెండో తప్పు, చల్లటి బండి మీద కొలవడం మూడోది. ఇప్పుడు మా షెడ్డులో టీపీఎస్ ఏ బండికి చూసినా, కప్లర్ పెట్టే ఉంచి, వేడి మీద, సెన్సార్ సొంత రెండు పిన్నుల మధ్య మొదట కొలుస్తాం. పిల్లగాడికి అదే నేర్పాను.

బ్యాటరీ నెగటివ్ తీసి పావుగంట ఉంచి ఈసీయూ పాత లెక్క మరిచిపోయేట్టు చేశాను. మళ్ళీ పెట్టి, ఎక్సలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఐడ్లింగ్‌లో వదిలాను, తర్వాత ఏసీ వేసి ఇంకొంతసేపు. ఐడ్లింగ్ నేర్పించే పద్ధతి ప్రతి బండికీ వేరు, మాన్యువల్ చూసుకోవాలి. రెండోసారి పనికి డబ్బులు తీసుకోలేదు. సార్ ఇస్తానని పట్టుబట్టారు. మొదటిసారే దొరకాల్సిన తప్పు అది, ఎట్లా తీసుకుంటాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు చెప్పినప్పుడల్లా తోటి మెకానిక్‌లు అడుగుతారు. 5 వోల్టులే రాకపోతే? అప్పుడు కూడా ఈసీయూ పోయిందని తొందరపడొద్దు. చాలా బండ్లలో అదే 5 వోల్టులు గాలి ఒత్తిడి సెన్సార్‌కు, ఏసీ ప్రెజర్ సెన్సార్‌కు కూడా పోతాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అన్నిటికీ పడిపోతుంది. ఒక్కొక్క కప్లర్ పీకుతూ పోండి, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తే దొంగ అదే.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లలో కథ వేరు. అక్కడ పళ్ళెం తిప్పేది మోటారు. సెన్సార్లు రెండుంటాయి, ఒకదానికొకటి సాక్ష్యం. కొన్నిటిలో ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. రెంటికీ పొంతన కుదరకపోతే పీ2135 పడి బండి కుంటుతుంది. కొత్తవాటిలో చాలావరకు అయస్కాంతంతో పనిచేసే సెన్సార్లు, రాసుకునే ట్రాక్ ఉండదు, అరిగే బాధ లేదు. కాబట్టి వాటిలో కప్లర్, తీగలే ముందు చూడాలి. సెన్సార్ విడిగా దొరకదు, బాడీ మొత్తం మార్చమంటారు, వేలల్లో పని. దానికి పూనుకునే ముందు రెండు పిన్నుల మధ్య కొలత తప్పనిసరి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ పళ్ళెంలో వేలు మాత్రం పెట్టొద్దు, మోటారు మూసిందంటే వేలు నలుగుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినప్పటి నుంచి బైకులు కూడా చాలావరకు ఇంజక్షన్ అయ్యాయి, వాటికీ టీపీఎస్ ఉంటుంది. దేవరకొండ దిక్కు నుంచి, హాలియా దిక్కు నుంచి పాలవాళ్ళ బండ్లు వస్తుంటాయి, "ముప్పై మీద కొడుతున్నదన్నా" అంటూ. పాల క్యాన్లతో రోజంతా ముప్పై మీద పోయే బండికి ఎక్కడ అరుగుతుందో ఇప్పుడు నేను అడగక్కర్లేదు. అయినా మొదట కొలుస్తాను. మొన్నొక బైకుకు సెన్సార్ బాగుంది, హ్యాండిల్ తిప్పినప్పుడు మెడ దగ్గర తీగ కట్ట నలిగి ఎర్త్ తెగిపోతోంది.

సార్ బండి ఆగస్టులో ఆయిల్ మార్చడానికి వచ్చింది. వానలు పడ్డాయి, బానెట్ కింద దుమ్ము పట్టి ఉంది. చూసి సంతోషం వేసింది, పైపు పెట్టలేదన్నమాట. ఆయిల్ కారుతుండగా బండి అడగని పని ఒకటి చేశాను. కప్లర్ వెనక పిన్ను దింపి మీటర్ పెట్టాను. మూసిన థ్రాటిల్ 0.52, ఎర్త్ పిన్ను 0.01. ఆ రెండు అంకెలు, తేదీ ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించాను, తర్వాత ఎవరి చేతికి పోయినా పనికొస్తుందని.